కరువు రాకముందే కాలువ కావాలన్న కాటన్ దొర

ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర పేరు గోదావరి జిల్లాల్లో ఎరుగనివారు లేరు. ఆయన విగ్రహం లేని కాలువగట్టు ఊళ్లు తక్కువ. అయితే ఆనకట్ట పూర్తయ్యాక ఆయన మరో 47 ఏళ్లు జీవించారనీ, ఆ కాలంలో చాలా భాగం కరువు విషయమై ప్రభుత్వంతో వాదిస్తూనే గడిపారనీ తెలిసినవారు కొద్దిమందే.

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. పదహారో ఏట మద్రాసు ఇంజనీర్ల దళంలో చేరి, 1821లో ఇండియాకు వచ్చారు. బర్మా యుద్ధంలో పనిచేశారు. ఆయనకు నీటి విద్య నేర్పింది మాత్రం తంజావూరు. కావేరిపై చోళుల నాటి కల్లణై ఇసుక మీద ఎలా నిలిచిందో పరిశీలించి, ఆ పద్ధతినే కొల్లడం నదిపై 1836లో ఆనకట్టలు కట్టి చూపారు. దొరకు గురువులు మన దేశపు పాతకాలపు ఉప్పరులూ, తాపీ మేస్త్రులూ అన్నమాట.

ఇక్కడ పరిస్థితి అప్పటికే దారుణంగా ఉంది. నందన నామ సంవత్సరం, అంటే 1832-33 నాటి కరువులో గుంటూరు సీమలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. పక్కనే గోదావరి నిండుగా పారి సముద్రంలో కలుస్తుండగా రాజమండ్రి జిల్లా రైతు వాన కోసం ఆకాశం వైపు చూసేవాడు. 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉన్న జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. శిస్తు కూడా పడిపోయింది. కుంఫిణీ ప్రభుత్వాన్ని కదిలించింది ఈ రెండో సంగతే. 1844లో మాంట్‌గోమరీ అనే అధికారిని విచారణకు పంపడం, ఆయన సలహాపై కాటన్ నదిని సర్వే చేయడం జరిగాయి.

1846లో అనుమతి వచ్చింది. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు పాయలపై కట్టిన ఆ ఆనకట్టకు రాయి పక్క కొండ నుంచే వచ్చింది. వేలాది కూలీలను కూర్చి నడిపించిన వీణెం వీరన్న పేరు కూడా ఇక్కడ చెప్పుకోవలసిందే. నది ఎండినప్పుడే పని సాగాలి కనుక కట్టుబడి అంతా మండుటెండల్లోనే జరిగింది.

ఆనకట్ట వరదను ఆపదు, తుపానును అంతకన్నా ఆపదు. 1839 తుపానుకు కోరంగి కొట్టుకుపోయిన సంగతి ఆనాటివారు మరచిపోలేదు. కాలువ చివరి శివారు రైతు నీటి కోసం పడిన అగచాట్లు కూడా తక్కువేమీ కాదు. అయినా వాన తప్పిన ఏట అన్నం దొరికే భూమి ఒకటి ఏర్పడింది. దాని విలువ ధాత కరువులో తెలిసింది.

ఈలోగా కాటన్‌కు ఒక దెబ్బ తగిలింది. 1860లో ఉద్యోగం విరమించిన ఆయన తుంగభద్ర నీటిని కర్నూలు, కడప సీమలకు మళ్లించే పథకాన్ని బలపరచారు. ఒక ప్రైవేటు కంపెనీ ఆ కాలువ తవ్వింది. ఖర్చు అంచనాలు మించింది. వానలు కురిసిన ఏళ్లలో నల్లరేగడి రైతు డబ్బిచ్చి నీరు కొనడానికి ముందుకు రాలేదు. ఆ కంపెనీ దెబ్బతిని, చివరకు 1882లో కాలువ ప్రభుత్వపరమైంది. రైతు అవసరాన్ని దొర ఇక్కడ సరిగా అంచనా వేయలేదనే చెప్పాలి.

1876లో ధాత నామ సంవత్సరపు కరువు వచ్చింది. రెండేళ్లలో మద్రాసు రాజధానిలో 30 లక్షలకు పైగా జనం చనిపోయారని అంచనా. బళ్లారి, కర్నూలు, కడపలు వల్లకాడులయ్యాయి. రైళ్లలో ధాన్యం స్టేషను వరకు వచ్చేది. అక్కడి నుంచి ఊళ్లకు చేరవేసే ఎద్దులు మేత లేక, నీళ్లు లేక చచ్చిపోయాయి. వచ్చిన ధాన్యం కొనేందుకు జనం చేతిలో కాసు లేదు. కరువు పనుల్లో రాళ్లు కొట్టినవారికి 1877లో రోజుకు ఒక పౌను ధాన్యం, దానిపై కొంచెం చిల్లర చొప్పున కూలి ఖాయం చేశారు. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం అలా తవ్వించిందే. అదే సమయంలో గోదావరి డెల్టా తన జనాన్ని పోషించుకుని, బయటికి ధాన్యం పంపింది.

1878లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు కాటన్ హాజరయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 75 ఏళ్లు. రైలు ఉన్న ధాన్యాన్ని మోస్తుందే గాని పండించదనీ, కరువు వచ్చాక గంజి పోసే ఖర్చులో భాగంతో ముందే నీరు నిలుపవచ్చుననీ ఆయన వాదించారు. దేశంలోని నదులన్నిటినీ పడవలు నడిచే కాలువలతో కలపాలన్నారు. ఎదుటివారు కర్నూలు, ఒరిస్సా కాలువల నష్టాల లెక్కలు ముందు పెట్టారు. కమిటీ ఆయన మాట వినలేదు.

రైలు లేకుంటే చావులు ఇంకా ఎక్కువయ్యేవన్నది నిజమే. కాని రెండిటి మధ్య తూకం బొత్తిగా తప్పింది. ఆ శతాబ్దం చివరికి ప్రభుత్వం కాలువలపై పెట్టింది రైళ్లపై పెట్టిన సొమ్ములో పదోవంతు ప్రాంతమే. 1880 నాటి కరువు కమిషన్ సేద్యపు నీటి అవసరాన్ని ఒప్పుకున్నా, దాని ఫలంగా 1883లో వచ్చిన నిబంధనలు ముఖ్యంగా కరువు పడ్డాక ఏం చేయాలో చెప్పినవే.

కాటన్ 1899 జూలైలో ఇంగ్లండులోని డార్కింగ్‌లో మరణించారు. ఆ ఏడాదే దేశంలో మళ్లీ వానలు తప్పాయి, మరో మహా కరువు మొదలైంది. నీటి పారుదలపై దేశమంతటికీ ఒక కమిషన్‌ను ప్రభుత్వం 1901లో నియమించింది. అప్పటికి దొర పోయి రెండేళ్లయింది.