బ్రౌను దొర దానధర్మములు

నిఘంటుకర్తగా బ్రౌను దొరను ఎఱుగని తెలుగువాడు లేడు. ఆయన దానగుణమును ఎఱిగినవారు కొందఱే.

చార్లెస్ ఫిలిప్ బ్రౌను 1798లో కలకత్తాలో జన్మించెను. పదునాలుగవ యేటనే తండ్రిని కోల్పోయెను. 1817లో కంపెనీ కొలువునకై మదరాసు చేరి, 1820లో కడపకు వచ్చెను. 1821లో ఇచ్చట పాఠశాల నెలకొల్పి, బాలురకు ఉచితముగా చదువును, భోజనమును సమకూర్చెను. అంగవికలురకును సాయపడుచుండెను. దానధర్మములకే నెలకు 500 రూపాయలదాక వెచ్చించెడివాడని ప్రతీతి. కడప బంగళాలో పండితులకు సొంత సొమ్ముతో జీతములిచ్చి తాళపత్ర గ్రంథములను పరిష్కరింపజేసెను. అందులకై అప్పులును చేసెను. 1884లో లండనులో దివంగతుడయ్యెను. ఆ బంగళా స్థలమున నేడు ఆయన పేర గ్రంథాలయము వెలసియున్నది.

వానలు లేని సీమలో అంగవికలుడైన బిడ్డగల ఇంటికి కష్టము రెండింతలు. బిడ్డను కనిపెట్టియుండుటకు ఒకరు కూలి మానుకొనవలెను. పండుగనాటి భిక్ష అట్టి ఇంటిని నిలుపజాలదు. నెలనెలయు అందెడి ఆసరాయే నిలుపును. అయినను ఒక్క దాతపై ఆధారపడిన ధర్మము ఆయన బదిలీతో ఆగిపోవచ్చును. ఊరు పూనినచో సాగును. చూపులేనివానికి చదివి వినిపించుట, నడువలేనివానిని గ్రంథాలయమునకు తోడ్కొని వచ్చుట, తల్లి కూలికి పోయినపుడు బిడ్డను కనిపెట్టియుండుట, ఇవి కలిమిలేని ఊరును చేయగల ధర్మములు.