ఒత్తిడి నిలిస్తేనే ఇంజిన్.. రుడాల్ఫ్ డీజిల్ ప్రస్థానం

పాత లారీ. పొద్దున్నే ఓ పట్టాన స్టార్ట్ కాదు. పొగ ఎక్కువైంది, మైలేజీ పడిపోయింది. ఇలాంటి బండి షెడ్డుకొస్తే అనుభవమున్న మెకానిక్‌కు వచ్చే అనుమానాల్లో ఒకటి: కంప్రెషన్ తగ్గిందా? దాదాపు 130 ఏళ్ల కిందట ఇదే చిక్కుతో కుస్తీ పట్టిన ఇంజినీరే రుడాల్ఫ్ డీజిల్. ఆయన పేరునే మనం రోజూ పెట్రోల్ బంకులో పలుకుతున్నాం.

పరీక్ష తప్పినా..

డీజిల్ 1858లో పారిస్‌లో పుట్టారు. తల్లిదండ్రులు జర్మన్లు. 1870లో ఫ్రాన్స్, జర్మన్ల మధ్య యుద్ధం రావడంతో కుటుంబం లండన్‌కు వెళ్లిపోవాల్సి వచ్చింది. పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ను చదువు కోసం జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు, బంధువుల ఇంటికి పంపేశారు. తర్వాత మ్యూనిక్ పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది.

సరిగ్గా 1879లో చివరి పరీక్షల సమయానికి టైఫాయిడ్ వచ్చింది. మళ్లీ పరీక్ష దాకా ఆగాలి. ఆ ఖాళీలో ఆయన ఊరికే కూర్చోలేదు. స్విట్జర్లాండ్‌లోని సుల్జర్ కంపెనీలో చేరి పని నేర్చుకున్నారు. 1880లో పరీక్ష రాసి అత్యున్నత స్థాయిలో పాసయ్యారు. గురువు కార్ల్ వాన్ లిండే తన శీతలీకరణ యంత్రాల సంస్థలోనే ఉద్యోగమిచ్చారు.

ఒత్తిడి నిలవలేదు

ఆ రోజుల్లో మామూలు ఆవిరి ఇంజిన్లు బొగ్గులోని శక్తిలో పదో వంతును కూడా పనిగా మార్చలేకపోయేవి. గాలిని సిలిండర్‌లో గట్టిగా నొక్కితే బాగా వేడెక్కుతుంది, అందులోకి ఇంధనం పంపితే స్పార్క్ లేకుండానే మండుతుంది, ఖర్చూ తగ్గుతుంది అన్నది డీజిల్ ఆలోచన. దానికి 1893లో పేటెంట్ వచ్చింది.

కాగితం మీద లెక్క బాగానే ఉంది. షెడ్డులో మాత్రం తేడా కొట్టింది. అనుకున్న ఒత్తిడి రాలేదు. 1893 ఆగస్టులో ఆగ్స్‌బర్గ్‌లో జరిగిన పరీక్షలో ఇంధనం భగ్గుమని, ఒత్తిడి కొలిచే పరికరమే పేలిపోయింది. ఇంజిన్ సొంతంగా తిరగనే లేదు. అయినా ఒక విషయం తేలింది: గాలి వేడికే ఇంధనం అంటుకుంటోంది.

ఇక ఆయన చేసిందల్లా కొలవడం, లోపం పట్టుకోవడం, మార్చి మళ్లీ కొలవడం. మొదట అనుకున్న భారీ ఒత్తిడి సాధ్యం కాదని తెలిశాక, తన లెక్కనే తగ్గించుకున్నారు. 1894 ఫిబ్రవరిలో ఇంజిన్ సొంతంగా దాదాపు ఒక నిమిషం తిరిగింది. 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ ష్రోటర్ చేసిన అధికారిక పరీక్షలో 26.2 శాతం సామర్థ్యం నమోదైంది.

పేరు వచ్చింది, డబ్బూ వచ్చింది. కానీ తప్పుడు పెట్టుబడులతో ఆ డబ్బు కరిగిపోయి అప్పులు మిగిలాయి. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఇంగ్లాండ్ వెళ్తున్న ఓడలోంచి ఆయన మాయమయ్యారు. కొన్ని రోజులకు సముద్రంలో శవం దొరికింది. అది ప్రమాదమా, ఆత్మహత్యా అన్నది నేటికీ తేలలేదు. మరో పదేళ్లకు, 1923-24లో జర్మనీలో డీజిల్ ఇంజిన్ లారీలకెక్కింది. అది ఆయన చూడలేదు.

ఇంటర్వ్యూలో అడిగితే..

ఐటీఐ డీజిల్ మెకానిక్, డిప్లొమా మెకానికల్ అభ్యర్థులకు ఎదురయ్యే ప్రశ్నే ఇది: పాత లారీ మైలేజీ తగ్గితే ఏం చూస్తారు? వెంటనే ఇంజిన్ విప్పుతాననకండి.

* ముందు తేలికైనవి: టైర్లలో గాలి, పట్టేస్తున్న బ్రేకులు, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టర్, డీజిల్ లీకులు.
* తర్వాత ఇంజెక్టర్లు, పంపు టైమింగ్.
* అప్పుడు కంప్రెషన్: ఇంజెక్టర్ తీసిన చోట డీజిల్‌కు సరిపోయే గేజ్ బిగించి, ఇంధనం ఆపి, స్టార్టర్‌తో తిప్పాలి. ప్రతి సిలిండర్ రీడింగ్‌నూ రాసి, కంపెనీ మాన్యువల్‌తో పోల్చాలి.
* ఒక సిలిండర్‌లోనే తక్కువుంటే అందులోని వాల్వు, రింగులు, గ్యాస్కెట్ మీద అనుమానం. పక్కపక్క సిలిండర్లు రెండింట్లో తగ్గితే వాటి మధ్య గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు. అన్నింటా తక్కువైతే ఇంజిన్ మొత్తం అరిగిందేమో చూడాలి. అంతకుముందు బ్యాటరీ, స్టార్టర్ సరిగా తిప్పుతున్నాయో లేదో చూసుకోవాలి.

ఒత్తిడి కారిపోతే వేడి చాలదు. వేడి చాలకపోతే డీజిల్ పూర్తిగా మండక పొగై పోతుంది. మైలేజీ పోయేది అక్కడే. ఈ కారణం చెప్పి, ఆ వరుసలో కొలుస్తానంటే మీకు పని తెలుసని ఎదుటివారికి అర్థమవుతుంది.