దేవీప్రసాద్ రాయ్ చౌదరి

విశాఖపట్టణపు రేవు 1933వ సంవత్సరమున ప్రారంభింపబడెను. అంతకు ముందు కొన్ని యేండ్లపాటు అచ్చట కూలివాండ్రు బురదనేల త్రవ్విరి, కొండరాళ్లు దొర్లించిరి. డాల్ఫిన్ నోస్ కొండ పాదమున రెండు పాత ఓడలను ముంచి, రాళ్లు పేర్చి, అలలకు అడ్డుకట్ట వేసిరి. ఆ రేవును కట్టించిన ఇంజనీర్ల పేర్లు గ్రంథములలో నున్నవి. రాళ్లు మోసిన వారి పేర్లు ఎవరికిని తెలియవు.

విశాఖ అప్పుడు మద్రాసు రాష్ట్రములోనిది. రాజధానియైన చెన్నపట్టణపు వీథులలో ఆ దినములందు నిలిచియున్న విగ్రహములు రాజులవి, గవర్నరులవి, సేనాపతులవి. వారిలో మంచివారు లేకపోలేదు. గుఱ్ఱముపై కూర్చున్న మన్రో దొర దత్తమండలముల రైతులకు ఆప్తుడే. కాని చెమటోడ్చి బ్రదుకు మనుజుని తెచ్చి రాజమార్గమున పీఠమెక్కింపవలెనన్న తలంపు అధికారులకు కలుగలేదు. ఆ పని చేసినవాడు దేవీప్రసాద్ రాయ్ చౌదరి.

ఆయన 1899వ సంవత్సరము జూన్ 15వ తేదీన ఉత్తర బంగాళమునందలి రంగపూరు ప్రాంతమున, తాజ్‌హాట్‌లో జన్మించెను. ఆ ప్రదేశము నేడు బంగ్లాదేశమున నున్నది. జమీందారీ కుటుంబములో పుట్టినవాడగుటచే సుఖముగా కాలము గడుపుటకు ఆయనకు లోటు లేదు. అయినను చిత్రకళపై మనసుపడి అవనీంద్రనాథ ఠాకూరు శిష్యుడయ్యెను. శిల్పమును హిరణ్మయ రాయ్ చౌదరి యొద్ద అభ్యసించెను. గురువు అవనీంద్రుని చిత్రములు పలుచని రంగులతో, మంచుతెర వెనుక దృశ్యములవలె మృదువుగా నుండును. శిష్యుని స్వభావము వేరు. ఆయన కుస్తీ పట్టినవాడు, అడవులలో వేటాడినవాడు. వేణువు నూదుటయందును, కథలు వ్రాయుటయందును నేర్పరి. అట్టివాని చేతికి మెత్తని కుంచెకంటె తడిమట్టియే ఎక్కువ నచ్చినది. ఫ్రాన్సు దేశపు మహాశిల్పి రోడే శిల్పములు ఆయనకు మార్గదర్శకములైనవి.

1929లో ఆయన చెన్నపట్టణపు ప్రభుత్వ చిత్రకళాశాలకు అధిపతిగా వచ్చెను. 1850లో స్థాపింపబడిన ఆ విద్యాలయమునకు భారతీయుడొకడు అధిపతి యగుట అదియే మొదలు. అప్పటివరకు అచ్చట చేతిపనులకే ప్రాధాన్యము. ఆయన చిత్రలేఖనమునకు, శిల్పమునకు పెద్దపీట వేసెను. సజీవులైన మనుష్యులను ఎదుట నిలుపుకొని రూపములు గీయుట విద్యార్థులకు నేర్పెను. 1957 వరకు ఆ పదవిలో నుండెను. ఆ కాలమున తెలుగు జిల్లాలనుండియు యువకులు ఆ కళాశాలకు వెళ్లి చదివిరి. విజయనగరపు చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు, తరువాత మాయాబజార్ చిత్రమునకు కళాదర్శకుడైన మాధవపెద్ది గోఖలే అట్టివారే.

కంచు విగ్రహమును చేయుట ఒకనాటి పని కాదు. ముందు ఇనుపచువ్వలతో అస్థిపంజరము వంటి కట్టు కట్టి, దానిపై మట్టిని మెత్తి రూపము తేవలెను. మట్టి ఎండి బీటలు వారకుండ తడిగుడ్డలు కప్పుచుండవలెను. ఆ రూపముపై సున్నపుముద్దవలె నుండు ప్లాస్టరును పోసి అచ్చు తీయవలెను. పిమ్మట పోతపనివారు ఆ అచ్చు ననుసరించి కరగిన కంచును పోయుదురు. దేవీప్రసాదుని చేతి గుర్తులు, మట్టిని నొక్కిన వ్రేళ్ల జాడలు, కంచులోనికి మారిన తరువాత కూడ ఆయన విగ్రహములపై కనబడుచుండును. వానిని నున్నగా రుద్దివేయుట ఆయనకు ఇష్టము లేదు.

ఆయన పెద్దవారి ప్రతిరూపములు చాల చేసెను. అది జీవనోపాధి. మనసు మాత్రము బీదవారిపై నుండెను. 1943లో బంగాళమును మాడ్చిన కరవు ఆయన చేత ఆకలిబాధితుల శిల్పమును చేయించినది. స్వాతంత్ర్యానంతరము పాట్నాలో ఏడుగురు విద్యార్థుల స్మారకమును నిర్మించెను. 1942 ఆగస్టు 11వ తేదీన వారు సచివాలయముపై జాతీయపతాకమును ఎగురవేయబోయి తుపాకి గుండ్లకు బలియైరి. ఒకడు నేలకొరగుచుండ మరియొకడు జెండా నందుకొని ముందుకు సాగుచున్నట్లు ఆ కంచు యువకులు నేటికిని నిలిచియున్నారు.

అన్నిటికంటె ప్రసిద్ధమైనది చెన్నపట్టణపు సముద్రతీరమునందలి శ్రమవిజయము. 1959 జనవరిలో, గణతంత్ర దినోత్సవమునకు ముందునాడు, దానిని అచ్చట ప్రతిష్ఠించిరి. నలుగురు మనుష్యులు ఒక పెద్ద బండను కదల్చుచుందురు. మొలకు గోచి తప్ప వేరు వస్త్రము లేదు. ఒకడు భుజము మోపును. ఒకడు దుంగను సందున దూర్చి బలముకొలది ఎత్తును. మెడనరములు ఉబ్బియుండును. బండ ఇంకను కదలలేదు, కదలబోవుచున్నది. ఆ యొక్క క్షణమునే శిల్పి పట్టుకొనెను. కళాశాలలో కావలిపని చేయు ఒక సామాన్యుడు ఈ రూపములకు నమూనాగా నిలిచెనని ప్రసిద్ధి. కండరముల పొంగు కొంత మితిమీరినదని విమర్శకులు కొందరు తలంతురు. ఆ మాట పూర్తిగా త్రోసిపుచ్చదగినది కాదు. కాని విశాఖ రేవులో గునపము పట్టి బండను పెకలించినవాడు దానిని చూచినచో, తన వీపునొప్పి ఎట్టిదో ఎరిగినవాడే దానిని చేసెనని గ్రహింపగలడు. అదే 1959లో, అదే తీరమున, ఆయన చేసిన గాంధీ మహాత్ముని విగ్రహమును నెహ్రూ ఆవిష్కరించెను. నడచుచున్న గాంధీ అది, అతడును శ్రమించువాడే.

భారతప్రభుత్వము 1958లో ఆయనకు పద్మభూషణ్ బిరుద మొసగినది. లలితకళా అకాడమీకి తొలి అధ్యక్షుడు ఆయనయే. వార్ధక్యమున దండియాత్రను కంచులో నిలుప పూనుకొనెను: ముందు గాంధీ, వెనుక పదిమంది అనుచరులు. ఆ పని ముగియకముందే 1975 అక్టోబరు 15వ తేదీన మరణించెను. ఇతరులు దానిని పూర్తిచేయగా, 1982లో ఢిల్లీలో నెలకొనినది. 2016లో రద్దయిన పాత ఐదువందల రూపాయల నోటు వెనుకవైపున ముద్రింపబడిన చిత్రము అదియే. శిల్పి పేరెరుగని కోట్లాది జనులు దానిని మడిచి జేబులలో దాచుకొనిరి.