గుమాస్తా బల్లను గౌరవించిన వాస్తుశిల్పి: జియో పోంటి

ఇటలీలోని మిలాన్ నగరంలో 1891 నవంబరు 18న జియో పోంటి జన్మించారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేయవలసి రావడంతో చదువు వెనుకబడి, 1921లో గాని ఆర్కిటెక్చర్ పట్టా చేతికి రాలేదు. 1923 నుండి రిచర్డ్ జినోరి పింగాణీ సంస్థకు కళా దర్శకులుగా ఉన్నారు. 1928లో 'దోముస్' పత్రికను స్థాపించి, ఇల్లు, ఇంటి సామాను గురించిన కొత్త ఆలోచనలను పాఠకుల ముందుంచారు.

1932లో పియెట్రో కియేసాతో కలిసి, లుయీజీ ఫొంతానా గారి గాజు సంస్థకు చెందిన 'ఫొంతానా ఆర్తె' బాధ్యత చేపట్టారు. గాజును, లోహాన్ని జతచేసి బల్లలు, దీపాలు రూపొందించడం అక్కడి ప్రత్యేకత. ఆ కాలపు పోంటి 'బిలియా' దీపం లోహపు శంకువు కొనపై నిలిచిన గాజు గోళం. దానికి వేరే అలంకారమేదీ లేదు.

అయితే అటువంటి ఖరీదైన వస్తువులు చేరేది ఎక్కువగా కలవారి ఇళ్లకే. ఉద్యోగం చేసినవారు తెలుసుకోదగిన పని మరొకటి ఉంది. 1938లో మిలాన్‌లో పూర్తయిన మోంటెకటీని కంపెనీ కార్యాలయానికి ఆయనే రూపశిల్పి. సాధారణంగా ముందు భవనం కడతారు, తరువాత గుమాస్తాలను అందులో సర్దుతారు. పోంటి మాత్రం ఉద్యోగి కూర్చునే చోటును కొలతగా తీసుకుని భవనాన్ని రూపొందించారు. ఆ కంపెనీ తయారుచేసే అల్యూమినియాన్నే విరివిగా వాడారు. లోహపు కుర్చీలు, బల్లలు మొదలు తలుపు పిడుల వరకు తామే గీశారు. కాగితాలు ఒక విభాగం నుండి మరొక విభాగానికి గాలి గొట్టాలలో వెళ్లే ఏర్పాటు కూడా అక్కడ ఉండేది.

తేలికదనం ఆయన జీవితకాలపు అన్వేషణ. 1957లో కస్సీనా సంస్థ తయారుచేసిన ఆయన 'సూపర్‌లెజ్జెరా' కర్ర కుర్చీ బరువు 1.7 కిలోలు మాత్రమే. ఇంజనీరు నెర్వీ తదితరుల తోడ్పాటుతో నిర్మించిన, 127 మీటర్ల పిరెల్లీ భవనం 1960లో పూర్తయింది.

మిలాన్ పాలిటెక్నిక్‌లో 1936లో ప్రారంభించిన అధ్యాపక వృత్తి 1961లో ముగిసింది. అప్పటికి ఆయనకు దాదాపు 70 ఏళ్లు. పని మాత్రం ఆగలేదు. టరాంటో కెథెడ్రల్ 1970లోను, అమెరికాలోని డెన్వర్ కళా మ్యూజియం భవనం 1971లోను పూర్తయ్యాయి. 1979 సెప్టెంబరు 16న మిలాన్‌లో కన్నుమూశారు.

సర్వీసంతా కుర్చీలో గడిపిన మనకు, ఆ కుర్చీ గురించి ఒక మహాశిల్పి అంత శ్రద్ధగా ఆలోచించారన్న సంగతి సంతోషం కలిగిస్తుంది. విరమణ తరువాత ఆయన చేసిన పని ధైర్యాన్నిస్తుంది.