చెయ్యి చెప్పినట్టు ఆడిన పాప్వా

మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బన్ రేవు చేరింది. చెరకు తోటల్లో పనికని వచ్చినవారిలో మన తెలుగువారూ ఉన్నారు. వారి చెమటతో నేటాల్‌లో ఒక భారతీయ సమాజం ఏర్పడింది. ఆ సమాజం కన్న గొప్ప ఆటగాడు సెవ్‌సంకర్ సెవ్‌గోలం. జనానికి ఆయన పాప్వా.

చదువుకునే భాగ్యం ఆయనకు దక్కలేదు. డర్బన్‌లోని బీచ్‌వుడ్ క్లబ్బులో దొరల గోల్ఫ్ సంచులు మోసే కాడీగా జీవితం మొదలుపెట్టారు. ఆట నేర్పిన గురువు లేడు, పుస్తకం లేదు. చూసి, చేసి, మళ్ళీ చేసి నేర్చుకున్నారు.

కుడిచేతి ఆటగాళ్ళు గోల్ఫ్ కర్రను పట్టేటప్పుడు ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద ఉండాలని శాస్త్రం. పాప్వా పట్టు దానికి పూర్తిగా తలక్రిందులు. ఎడమ చెయ్యే కింద ఉండేది. చూసినవారు తప్పన్నారు. కాని కర్ర బరువు, బంతి తగిలినప్పటి అదురు, గాలి వాలు ఆయన చేతులకు ఆ పట్టులోనే తెలిసేవి. అందుకే దానిని వదలలేదు.

ఆయన పనిచేసిన చోటి యజమాని గ్రాహం వుల్ఫ్ ఆ ప్రతిభను గుర్తించి 1959లో యూరపు తీసుకువెళ్ళారు. ఆ సంవత్సరమే పాప్వా డచ్ ఓపెన్ గెలిచారు. 1960లోనూ, 1964లోనూ మళ్ళీ గెలిచారు. తప్పన్న పట్టుకు అంతకంటె జవాబు ఏముంటుంది?

స్వదేశంలో మాత్రం వర్ణవివక్ష అడ్డుగోడ. 1963లో డర్బన్ కంట్రీ క్లబ్బులో నేటాల్ ఓపెన్ గెలిచినా, భారతీయుడు గనుక క్లబ్బు భవనంలోకి రానివ్వలేదు. తెల్లవారు లోపల ఉండగా, విజేత బయట వానలో నిలబడి బహుమతి అందుకున్నారు. ఆ దృశ్యం ప్రపంచమంతటా ఆ ప్రభుత్వానికి తలవంపులు తెచ్చింది. 1965లో మళ్ళీ అదే పోటీలో గ్యారీ ప్లేయర్ వంటి ఉద్దండుణ్ణి ఓడించారు. ఆ ఏడాదే ప్లేయర్ అమెరికా ఓపెన్ గెలిచారంటే ఆ విజయం విలువ తెలుస్తుంది. తరువాత ప్రభుత్వం తెల్లవారి పోటీల తలుపులు ఆయనకు మూసివేసింది. చెయ్యి తిరిగిన మనిషికి ఆడే చోటే లేకుండా పోయింది. 1978లో డర్బన్‌లో పేదరికంలోనే కన్నుమూశారు.

నేడు డర్బన్‌లో ఒక గోల్ఫ్ మైదానం ఆయన పేరుతో ఉంది.

ఆయన తెలుగువారు కాకపోవచ్చు. కాని పరాయిగడ్డపై పుట్టి పెరుగుతున్న మన పిల్లలకు ఆయన జీవితం చెప్పవలసిందే. గోల్ఫ్ నేర్చుకునేవారు మోచెయ్యి ఎక్కడ, మడమ ఎక్కడ అని లెక్కలతోనే సతమతమవుతారు. లెక్కలు తెలుసుకోవలసిందే. అయితే బంతి ముందు నిలబడ్డాక వాటిని పక్కన పెట్టి, సాధనతో పదునెక్కిన చేతిని నమ్మాలి. పాప్వా నమ్మారు. ఆ చేతిని ఆయనకు ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ తీసుకోలేకపోయారు.