ఖరగ్‌పూర్ మైదానం నుంచి నాలుగు ఒలింపిక్స్‌కు: లెస్లీ క్లాడియస్

టెన్నిస్‌లో అందరికన్నా గొప్పవాడెవరన్న వాదనకు అంకెల ఊతమైనా ఉంది. పురుషుల సింగిల్స్‌లో జకోవిచ్‌కు 24, నాదల్‌కు 22, ఫెదరర్‌కు 20 గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు. అయినా ఆ వాదన తెగలేదు. హాకీలో చిక్కు ఇంకా ఎక్కువ. గోల్ కొట్టినవారి పేరు రికార్డులకెక్కుతుంది, ప్రత్యర్థి నుంచి బంతిని లాక్కుని ముందుకు అందించినవారి పేరు ఎక్కదు. భారత హాకీలో మేటి ఎవరనగానే ధ్యాన్‌చంద్, బల్బీర్ సింగ్ గుర్తుకొస్తారు. ఖరగ్‌పూర్‌లో హాకీ కర్ర పట్టిన లెస్లీ వాల్టర్ క్లాడియస్ పేరు ఆ తర్వాతే వస్తుంది.

ఆయన 1927 మార్చి 25న బిలాస్‌పూర్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో జన్మించారు. తొలి మక్కువ ఫుట్‌బాల్ మీదే. ఆ ఆట కోసమే బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుతో ఖరగ్‌పూర్ చేరారు. తెలుగు కుటుంబాలతో సహా నలుదిక్కుల నుంచి వచ్చినవారు రైల్వే కొలువుల చుట్టూ అల్లుకున్న ఊరది. 1946లో ఒకనాడు అక్కడ హాకీ సాధన మ్యాచ్‌కు ఒక ఆటగాడు తక్కువయ్యారు. ఆట చూస్తున్న క్లాడియస్‌ను డికీ కార్ మైదానంలోకి పిలిచారు. కార్ సామాన్యుడు కాదు, 1932 లాస్ ఏంజెలిస్‌లో స్వర్ణం గెలిచిన భారత జట్టు సభ్యుడు. ఆ యువకుడిలోని ఒడుపును ఆయన వెంటనే పసిగట్టారు. క్లాడియస్ ఇక ఫుట్‌బాల్ వైపు మళ్లలేదు.

సరిగ్గా రెండేళ్లకు, 1948లో, లండన్‌లో స్వర్ణం గెలిచిన స్వతంత్ర భారత జట్టులో ఆయన ఉన్నారు. 1952 హెల్సింకీ, 1956 మెల్‌బోర్న్ క్రీడల్లోనూ స్వర్ణమే దక్కింది. హెల్సింకీ ఫైనల్లో భారత్ చేసిన 6 గోల్స్‌లో 5 బల్బీర్‌వి. ఆ ఘనతను తలచుకునేవారిలో నాటి హాఫ్ బ్యాక్‌లెవరని అడిగేవారు అరుదు. పొట్టి మనిషి, రైట్ హాఫ్ స్థానం. ఎదుటి ఫార్వర్డ్‌ను దేహబలంతో కాక, ఎటు కదలబోతున్నాడో ముందే పోల్చుకుని నిలువరించడం ఆయన పద్ధతి.

1960 రోమ్‌లో సారథ్యం ఆయనదే. నాలుగు ఒలింపిక్స్ ఆడిన తొలి హాకీ క్రీడాకారుడన్న గౌరవం అక్కడే దక్కింది. అయితే 1928 నుంచి చేజారని స్వర్ణం కూడా అక్కడే చేజారింది. ఫైనల్లో పాకిస్థాన్ 1-0తో గెలిచింది. ఒలింపిక్ హాకీలో భారత్‌కు అదే తొలి ఓటమి. మూడు స్వర్ణాలు, ఒక రజతం: ఈ లెక్కలో ఆయనకు సాటి ఉధమ్ సింగ్ ఒక్కరే. పతకాలే కొలమానమైతే మూడు స్వర్ణాల ధ్యాన్‌చంద్ వెనకబడతారు, అది ఎవరికీ రుచించదు. గోల్సే కొలమానమైతే క్లాడియస్‌కు జాబితాలోనే చోటుండదు, అదీ న్యాయం కాదు.

తర్వాత ఆయన కలకత్తా కస్టమ్స్‌లో ఉద్యోగం చేశారు. 1971లో పద్మశ్రీ అందుకున్నారు. తండ్రి బాటలో భారత జట్టుకెక్కిన కుమారుడు బాబీ 1978లో రోడ్డు ప్రమాదంలో మరణించడం ఆ ఇంట తీరని లోటైంది.

2012 ఒలింపిక్స్ వేళ లండన్ భూగర్భ రైలు పటంలో స్టేషన్లకు క్రీడా దిగ్గజాల పేర్లు పెట్టారు. భారతీయులు ముగ్గురే, ముగ్గురూ హాకీవారే. ధ్యాన్‌చంద్, రూప్‌సింగ్ ఫార్వర్డ్‌లు. బుషీ స్టేషన్‌కు పెట్టిన మూడో పేరు క్లాడియస్‌ది. అదే ఏడాది డిసెంబరు 20న ఆయన కోల్‌కతాలో కన్నుమూశారు.