వట్టి చేతులతో లాఠీకి ఎదురు నిలిచిన మహర్షి

కాకినాడ: ఆయుధం పట్టిన వాడిని వట్టి చేతులతో ఎదుర్కొనే విద్యలు లోకంలో అనేకం. చేయెత్తకుండా, వెనుకంజ వేయకుండా నిలబడడం వాటన్నింటికంటే కఠినమైనది. ఆ విద్యలో కార్యకర్తలను తీర్చిదిద్దిన హిందుస్తానీ సేవాదళ్ పురుడు పోసుకున్నది కాకినాడలోనే. 1923 డిసెంబరులో మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షతన ఇక్కడ జరిగిన కాంగ్రెస్ మహాసభల భారాన్ని భుజాన వేసుకున్న వారిలో బులుసు సాంబమూర్తి ముఖ్యులు. సభలకు కొద్దికాలం ముందే ఏకైక కుమారుడు మరణించినా ఆయన పని ఆపలేదు.

కడియం మండలం దుళ్లలో 1886 మార్చి 4న వేదపండితుల ఇంట జన్మించిన సాంబమూర్తి విజయనగరంలో అధ్యాపకుడిగా, కాకినాడలో న్యాయవాదిగా పనిచేశారు. గాంధీజీ పిలుపుతో వృత్తిని వదిలేశారు.

సేవాదళ్ ఆవిర్భావానికి కారణం లేకపోలేదు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరాలో జనం పోలీసు ఠాణాను తగులబెట్టడంతో గాంధీజీ ఉద్యమాన్నే నిలిపివేశారు. శిక్షణ లేని గుంపు లాఠీ చూసి చెదిరిపోతుంది, లేదా తిరగబడుతుంది. రెండూ ఉద్యమానికి చేటే. అందుకే డాక్టర్ ఎన్.ఎస్.హర్డీకర్ కవాతు, వ్యాయామం, శిబిరాలతో కార్యకర్తలను క్రమశిక్షణలో పెట్టారు. కవాతు హింసకు దారి తీస్తుందేమోనని కాంగ్రెస్‌లోనే కొందరు శంకించారు. జవహర్‌లాల్ నెహ్రూ తొలి అధ్యక్షులయ్యారు. విశేషమేమిటంటే, సరిగ్గా అదే కాలంలో గోదావరి మన్యంలో అల్లూరి సీతారామరాజు సాయుధ పోరాటం సాగుతోంది. కొండల్లో విల్లంబులు, తుపాకులు. తీరంలో ఉత్త చేతులు.

1930లో ఉప్పు సత్యాగ్రహం కాకినాడ తీరానికి చేరినప్పుడు సాంబమూర్తి ముందు నడిచారు, జైలుకు వెళ్లారు. 1937లో మద్రాసు శాసనసభ స్పీకరుగా ఎన్నికైనా వేషం మార్చలేదు. చొక్కా లేకుండానే సభకు వెళ్లేవారు. అందరూ ఆయనను మహర్షి అన్నారు.

ఆయన జీవితంలో అత్యంత కఠినమైన ఘట్టం స్వాతంత్ర్యం తరువాత వచ్చింది. ప్రత్యేకాంధ్ర కోసం పొట్టి శ్రీరాములు నిరాహార దీక్షకు సిద్ధపడితే చోటివ్వడానికి పెద్ద నాయకులు వెనుకాడారు. సాంబమూర్తి మద్రాసు మైలాపూరులోని తన ఇంటి తలుపులు తెరిచారు. 1952 అక్టోబరు 19న మొదలైన దీక్ష డిసెంబరు 15న ఆ ఇంట్లోనే శ్రీరాములు మరణంతో ముగిసింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది.

పదవులు అనుభవించినా ఆస్తి కూడబెట్టని సాంబమూర్తి 1958 ఫిబ్రవరి 2న కన్నుమూశారు. కాకినాడలో సాంబమూర్తినగర్ ఆయన పేరిట వెలిసినదే.